తారు కోసం తిరిగిన మా బావ

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"మీ బావ ఎల్లిపోనాడే" అంది.

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆ టైమ్‌కి రోజూ బూత్ తెరవడానికి వెళ్తాడు కదా అనుకున్నాను.

అక్క ఏడుపు విన్నాకే అర్థమైంది. గుండెపోటు. ఆటో ఎక్కించేలోపే అయిపోయింది.

నిన్న సాయంత్రం టెక్కలిలో బావ అంత్యక్రియలకి జనం బాగా వచ్చారు. అందరూ మంచోడన్నారు. మెల్లగా ఇంకో మాట కూడా వినపడింది. "మంచోడే గానీ, కుక్క కోసం మావతో తగువెట్టుకున్నాడు."

ఆ మామ మా నాన్న. ఆ మాట మా ఇంటి నుంచే బయటికి వెళ్లింది.

అందుకే ఇది రాస్తున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా బావ సింహాచలం. టెక్కలిలో ఎస్టీడీ బూత్. ఎవరినీ ఏదీ అడగని మనిషి. పక్కింట్లో కరివేపాకు రెమ్మ అడగాలన్నా మొహమాటమే.

కొన్నేళ్ల కిందట, హైవే పనులు జరుగుతున్న రోజులవి. నేను డిగ్రీ చదువుకుంటూ అక్క వాళ్లింట్లో ఉండేదాన్ని. ఒక సాయంత్రం బావ బనీనుతో ఇంటికొచ్చాడు. చొక్కాలో ఒక కుక్కపిల్ల.

రోడ్డు పక్కన ఒలికిన తారులో ఇరుక్కుపోయిందట. కళ్లు తప్ప ఒళ్లంతా నలుపు. కాళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

కొబ్బరినూనె రాయడం, గుడ్డతో తుడవడం, మళ్లీ రాయడం. మర్నాడు కూడా అదే పని. "తలకి రాసుకునే నూనంతా అయిపోనాది" అని గొణుగుతూనే అక్క ఇంకో సీసా తెచ్చిచ్చింది.

తారంతా పోయాక చూస్తే గోధుమరంగు పిల్ల. పేరు మాత్రం తారు అనే ఉండిపోయింది.

అద్దె ఇల్లు. ఓనర్ కుక్క వద్దంటే వద్దన్నారు.

అప్పుడు మా బావ, దీన్ని పెంచుకుంటారా అని ఇంటింటికీ వెళ్లి అడగడం మొదలుపెట్టాడు. సైకిల్ ముందు బుట్ట, బుట్టలో తారు. ప్రతి గుమ్మం దగ్గరా గొంతు సవరించుకునేవాడు. చెవులు ఎర్రబడేవి.

ఆడకుక్క అని తెలిసి ఒకావిడ తలుపేసేసింది. "బూతు నడవట్లేదేటి, కుక్కల యాపారం ఎట్టావు?" అని ఇంకొకాయన నవ్వాడు.

వెంట వెళ్లిన నేను, క్లాస్‌మేట్స్ చూస్తారేమోనని మొహానికి పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని. బావకి నాకంటే ఎక్కువ సిగ్గు. అయినా పక్కింటి గుమ్మం ఎక్కేవాడు.

చివరికి మా నాన్నని అడిగాడు. ఉద్దానంలో మాకు జీడితోట ఉంది. పెళ్లయ్యాక మా ఇంట్లో బావ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"తోటకి కాపలా ఉంటాదిలే, వదిలీసి ఎల్లు" అన్నారు నాన్న.

బావ తారుని అక్కడ వదిలి వచ్చాడు. కొన్ని నెలలకి, సెలవుల్లో అక్కా బావా నేనూ ఊరెళ్లాం. బావ కాళ్లు కూడా కడుక్కోకుండా తోటలోకి వెళ్లాడు. వెనకే నేను.

తారుని జీడిచెట్టుకి ఇనుప తీగతో కట్టేశారు. పిల్ల పెరిగింది. తీగ పెరగదు కదా. మెడలోకి దిగిపోయింది.

మమ్మల్ని చూసి తోక కదిపింది గానీ లేవలేదు.

బావ తీగ విప్పుతుంటే నాన్న వచ్చారు. చుట్టూ జీడిగింజలు ఏరేవాళ్లు ఉన్నారు.

"కుక్కనేటి, పట్టెమంచం మీద తొంగోబెట్టమంటావా బాబూ?"

అందరూ నవ్వారు. బావ నాన్నని ఒక్క మాట కూడా అనలేదు.

"తప్పు నాదే మావా. ఇచ్చీసి సేతులు దులుపుకున్నాను. మళ్లీ వచ్చి సూసుకోవాల కదా. దీన్ని అట్టుకెల్లిపోతాను."

"ఇచ్చింది తిరిగి అట్టుకెల్తే నలుగురూ ఏటనుకుంటారు?"

"నన్నే అనుకోమను."

అన్నం వడ్డించి ఉంది. తినకుండా, తారుని ఎత్తుకుని బస్సెక్కాడు.

అల్లుడు అన్నం తినకుండా వెళ్లాడని నాన్న ఊరంతా చెప్పారు. తీగ సంగతి చెప్పలేదు. అక్క చెప్పబోతే బావే ఆపాడు. "మావ పరువు మనది కాదేటి?" అన్నాడు.

నేనూ నోరు విప్పలేదు.

పుండు మానేదాకా తారుని బూత్‌లో బల్ల కింద దాచాడు. భావనపాడు వైపు నుంచి ఎండుచేపలు అమ్మడానికొచ్చే నూకమ్మ, గుజరాత్‌కి చేపల వేటకెళ్లిన కొడుకుతో మాట్లాడటానికి అక్కడికే వచ్చేది. ఆమె చూసింది.

"నాకిచ్చీ బాబూ. ఇంటికాడ ఒక్కదాన్నే ఉంటన్నాను."

"కట్టెయ్యకూడదమ్మా."

"కట్టడానికి నాకాడ గుంజే నేదు. ఉంటే ఉంటాది, ఎల్లాలనుంటే ఎల్తాది."

బావ ఆమెతో పాటు బస్సెక్కి వెళ్లి, ఇల్లు చూసి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని వచ్చాడు. ఆ తర్వాత కూడా వీలైనప్పుడల్లా వెళ్లేవాడు.

ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. తారు పడవల మధ్య పరిగెత్తుతోంది. వచ్చి బావని వాసన చూసి, వెళ్లి నూకమ్మ పక్కన కూర్చుంది.

"నిన్ను మర్చిపోయింది బావా" అన్నాను.

"మర్సిపోనియ్యి. నన్ను మర్సిపోతే ఆ తీగని కూడా మర్సిపోద్ది."

ఇవాళ తెల్లారి లేచి చూస్తే నాన్న లేరు. ఎవరికీ చెప్పకుండా నూకమ్మ ఊరెళ్లి, బావ పోయాడన్న కబురు ఆమెకి ఆయనే చెప్పి వచ్చారు.

మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అక్క మంచినీళ్లిస్తే తాగలేదు.

"ఆ కుక్క వచ్చి నా కాళ్లకాడే కూకుంది. సెయ్యెయ్యడానికి నాకు మొకం సెల్లనేదమ్మా" అన్నారు.

ఈ మాట బావ ఉండగా మా ఇంట్లో ఎవరమైనా అని ఉండాల్సింది.

తగువు పెట్టుకున్నది మా బావ కాదు. తప్పు మాది. నిన్న ఆ మాట అన్నవాళ్లు, విన్నవాళ్లు, ఇది ఒకసారి చదవండి.

బావా, ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.

వెళ్లిరా.