మొదటి కుర్చీలో రెండు రాజులు

పొద్దున్నే నేను కాఫీ దించేసరికి నా పళ్ళెం పక్కన రెండు పేకముక్కలు బోర్లా పడి ఉండేవి. పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో డెల్మర్ ఆ అలవాటు మానలేదు. గుడ్లు వేయించి నేను కూర్చోగానే అడిగేవాడు.

"ఇర్మా, నువ్వు మొదటి కుర్చీలో ఉన్నావు. ఎత్తి చూడు. ఏం చేస్తావ్?"

"గుడ్డు తింటాను."

"తిను. తిన్నాక?"

ఇప్పుడు కాఫీ పొయ్యి దగ్గర నిలబడే తాగేస్తున్నాను. బల్ల దగ్గర కూర్చుంటే చెయ్యి దానంతటదే పళ్ళెం పక్కకి పోతోంది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. పేకాట మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. చేతిలో రెండు ముక్కలుంటాయి. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద బోర్లించిన ముక్కలు తెరవకముందే ఒకసారి పందెం కాయాలి, తెరిచాక మళ్ళీ కాయాలి. పంచినవాడి ఎడమ పక్కన కూర్చున్నవాడే ప్రతిసారీ ముందు మాట్లాడాలి. అవతలివాళ్ళేం చేస్తారో తెలియకుండా మాట్లాడాలి. అందుకే ఆ మొదటి కుర్చీ అంటే అందరికీ భయం.

"మొదటి కుర్చీలో మంచి ముక్కలొస్తే దాక్కోకూడదు," అనేవాడు డెల్మర్. "పందెం పెంచెయ్. నువ్వు ఊరుకుంటే అడ్డమైన ముక్కలున్నవాడు కూడా చవగ్గా లోపలికొస్తాడు. వచ్చాక వాడి చేతిలో ఏముందో నీకేం తెలుస్తుంది?"

మనిషి కూడా అంతే. మా నాన్న బార్లీ కళ్ళంలోంచి వచ్చి ఇంకా రెండో బూటు విప్పకముందే, "మీ ఇర్మాని చేసుకుంటానండీ" అని డెల్మర్ వాకిట్లో నిలబడి అడిగేశాడు. మా నాన్న ఒక బూటుతోనే కూర్చుండిపోయాడు.

డెల్మర్ వాళ్ళు ముగ్గురు. ఈయన పెద్ద, చెల్లెలు లోర్నా, ఆఖరివాడు ఆర్లో. వాళ్ళ నాన్న పోతూ ముగ్గురికీ కలిపి ఒక్క పడవ వదిలాడు. అమ్మడానికి ఎవరికీ మనసు రాలేదు. అందుకని ఏటా గోధుమ కోత అయిన మర్నాడు మధ్యాహ్నం మా వంటింటి బల్ల మీద ఆడతారు. తలో నలభై పందెం బిళ్ళలు. చివరికి బిళ్ళలన్నీ ఎవరి దగ్గర చేరితే, వచ్చే ఎండాకాలం పడవ వాళ్ళది. మిగతా ఇద్దరూ ఆ ఏడు పడవ ఊసెత్తకూడదు, అరువడగకూడదు. అది వాళ్ళ నాన్న పెట్టిన కట్టుబాటు.

కిందటేడు ఆటకి పది రోజుల ముందు గ్రేట్ ఫాల్స్ ఊళ్ళో డాక్టరు డెల్మర్‌కి చెప్పాడు, వచ్చే ఎండాకాలమే ఆఖరిది కావచ్చని.

"పడవ నాకొస్తే జూన్ అంతా సరస్సు నీళ్ళ మీదే ఉంటాను," అన్నాడు తిరిగొస్తూ కారులో. "వాళ్ళకి మాత్రం చెప్పకు. చెప్తే అది ఆటవదు, జాలవుతుంది."

చెప్పనన్నాను.

ఆట రోజు పొద్దున మాత్రం నేనొక మాటన్నాను. ఆ వసంతంలోనే ఆర్లోని భార్య వదిలేసి పోయింది. దిక్కులేని పిల్లాడిలా వాడిపోయి ఉన్నాడు. "నువ్వు పెంచుతూ పోతే ఆర్లో ఏటా ముక్కలు పారేసి బిక్కమొహంతో పోతాడు. ఈసారైనా కాస్త మెత్తగా ఆడు డెల్. వాణ్ణి ఒక్క ఆటైనా ఆడనీ," అన్నాను. ఎలాగూ ఈయనే గెలుస్తాడనుకున్నాను. ఆ ధీమాతోనే అన్నాను.

మధ్యాహ్నం మూడయ్యేసరికి లోర్నా బిళ్ళలు అయిపోయాయి. ఆపిల్ కేకు ముందు పెట్టుకుని కూర్చుంది. అన్నదమ్ములిద్దరే మిగిలారు, దాదాపు సమానంగా. ఆర్లో పంచాడు. డెల్మర్ ముందు మాట్లాడాలి. కాఫీ పోస్తూ ఆయన భుజం మీంచి చూశాను. రెండు రాజులు.

ఆయన ముక్కల వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు. పందెం పెంచకుండా, ఆటలో ఉండడానికి సరిపడా రెండే రెండు బిళ్ళలు మెల్లిగా ముందుకు తోశాడు.

"ఏంటి, పెద్దాయన చేతికి వాతం వచ్చిందా?" అంది లోర్నా నోటినిండా కేకుతో.

"ఇంత చవకైతే నేనూ ఉంటా," అన్నాడు ఆర్లో నవ్వి. ఆ ఏడాదిలో వాడు నవ్వడం అదే మొదటిసారి చూశాను, సంతోషించాను కూడా.

బల్ల మీద మూడు ముక్కలు తెరిచారు. తొమ్మిది, అయిదు, నాలుగు. డెల్మర్ అప్పుడు బిళ్ళలన్నీ తోసేశాడు. ఆర్లో గడ్డం గోక్కుని తనవీ తోశాడు. వాడి చేతిలో ఉన్నవి అయిదూ నాలుగూ. బల్ల మీది వాటితో కలిసి రెండు జతలు, రాజుల ఒక్క జత వాటి ముందు ఓడిపోతుంది. తరవాత తెరిచిన రెండు ముక్కలూ ఏమీ మార్చలేదు.

"బాగా ఆడావురా తమ్ముడూ," అన్నాడు డెల్మర్. ఒక్క మాట కూడా నన్ననలేదు, ఆ రోజూ, ఆ తరవాతా. అనుంటే నాకు తేలికయ్యేది.

ఆర్లో నడుం పట్టేసి ఈ ఎండాకాలం పడవ కొట్టం దాటలేదు. జూన్‌లో డెల్మర్ కిటికీ దగ్గర కూర్చుని గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. ఆర్లోకి సంగతి చెప్పి పడవ తెమ్మనడానికి ఫోన్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. మాటిచ్చాను కదా అని ఊరుకున్నాను. జులై మూడో వారంలో డెల్మర్ పోయాడు.

మొన్న ఆర్లో పడవని బండి వెనక కట్టుకుని తెచ్చాడు.

"ఈ ఏడు మేం ఆడలేం వదినా. లోర్నా కూడా వద్దంది. నీ దగ్గరే ఉండనీ." బండి నుంచి పడవని విప్పుతూ, "ఆయన జబ్బు సంగతి నాకు ఒక్క మాట చెప్పి ఉండకూడదూ?" అన్నాడు.

"వద్దన్నాడు."

"రెండు రాజులు పెట్టుకుని ఎందుకు పెంచలేదో ఏడాదంతా ఆలోచించాను. ఆయన అలా ఆడే మనిషి కాదు."

"నేనే అడిగానురా. నిన్ను ఆడనివ్వమని."

ఆర్లో టోపీ తీసి చేతిలో తిప్పాడు. నన్ను ఓదార్చాలనే చూశాడు పాపం, కానీ వాడి కుటుంబంలో ఎవరికీ అబద్ధం రాదు. "పెంచి ఉంటే ముక్కలు పారేసేవాణ్ణి వదినా," అన్నాడు. "అయిదూ నాలుగూ ఎవరు పెట్టుకుంటారు."

పోతూ పోతూ టార్పాలిన్, తాడు మెట్ల మీద పెట్టాడు. "రేపు మంచు పడుతుందట. చీకటి పడేలోగా కప్పెయ్యి, లేకపోతే చెక్క పాడవుతుంది."

కోటు వేసుకుని బయటికి వెళ్ళాను. పడవ అడుగున చెయ్యి పెట్టి చూశాను. ఎండి గరుకుగా ఉంది, బూజు కూడా పట్టింది. ఏటా సరస్సు నుంచి వచ్చాకే దాన్ని కప్పేవాళ్ళం. ఈ ఏడు అది నీళ్ళే చూడలేదు.

మంచు నీళ్ళైనా తగలనీ అని టార్పాలిన్ మడత విప్పకుండా లోపలికొచ్చేశాను. మర్నాడు మంచు పడుతున్నప్పుడు కూడా వెళ్ళలేదు.