దేవిక వేసిన తాళం

మిర్యాలగూడలో దేవిక నడిపే ఆన్‌లైన్ సెంటర్‌కి ఎవరొచ్చినా ఆమె ఒకే మాట చెప్పేది. "పైన తాళం గుర్తు ఉంది సూడు. నువ్వు రాసింది నీకు, అవతలోళ్లకు తప్ప ఎవ్వలకు కనబడదు." చెప్పి చెప్పి ఆ మాట ఆమెకే ముద్దొచ్చేది. ఎదురుగా బట్టలు కుట్టే విజయలక్ష్మి అయితే కుర్చీలో కూర్చోగానే "తాళం పడ్డదా చెల్లె?" అని అడిగి మరీ టైపు చేసేది.

కోతల రోజుల్లో చిక్కొచ్చి పడింది. వేములపల్లి రైతులు మిల్లుకు వడ్లు తోలే తేదీ కోసం ఫారం నింపితే, చివర్లో వెబ్‌సైట్ వెనక్కి కొట్టేది. పక్క సెంటర్లో పోతోంది, ఇక్కడే పోవడం లేదు. దేవిక కంప్యూటర్లలో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, ఉచితంగా దొరికే లినక్స్. "ఆ లినక్స్ తీసి పారెయ్యరాదు?" అని మొగుడు సుధాకర్ నవ్వాడు. దాంతో ఆమెకు పంతం పట్టింది. తప్పెక్కడుందో చూడటానికి కంప్యూటర్‌కీ వెబ్‌సైట్‌కీ నడుమ ప్రాక్సీ అనే ప్రోగ్రాం పెట్టింది. అది మధ్యలో తాళం విప్పి, లోపలిది చూపించి, మళ్లీ తాళం వేసి పంపుతుంది. అందుకు దాని సర్టిఫికెట్‌ని, అంటే ఆ తాళం ఎవరిదో చెప్పే గుర్తింపు పత్రాన్ని, కంప్యూటర్ నమ్మాలి. లినక్స్‌ని నమ్మించింది. అయినా బ్రౌజర్ హెచ్చరిక చూపి మొరాయించింది. రెండు రోజులు తల బాదుకున్నాక తెలిసింది, ఆ మహాతల్లి తన నమ్మకస్తుల జాబితా తాను వేరుగా పెట్టుకుంటుందని. అందులోనూ ఎక్కించాక పేజీ తెరుచుకుంది, తాళం గుర్తుతో సహా. చూస్తే తప్పు తన కంప్యూటర్‌దే. తేదీ, నెల తారుమారై పోతున్నాయి. సెట్టింగు మార్చగానే ఫారాలు వెళ్లాయి. దేవిక కాలు నేల మీద నిలవలేదు.

ఆ సంబరంలో ప్రాక్సీ తీయడం మరిచిపోయింది. నాలుగో రోజు గుర్తొచ్చింది. అక్కడిదాకా మతిమరుపే, ఎవరైనా సర్దుకుంటారు. కానీ ఆ నాలుగు రోజులూ సెంటర్ నుంచి పంపినవన్నీ ప్రాక్సీలో నిలిచిపోయాయి, వాటిని చెరిపేముందు ఆమె చదివింది. ఒక్కటే కదా అనుకుని చదివింది. విజయలక్ష్మి సూర్యాపేటలోని ఓపెన్ స్కూల్ సెంటర్‌కి పంపిన ఉత్తరం అది. "సార్, పది పాసైనట్టు చెప్పి మావోళ్లు నా పెండ్లి చేసిన్రు. ఇరవై ఐదేండ్ల సంది ఇంట్ల అందరు అదే అనుకుంటున్నరు. లెక్కల్ల పోయినసారి గూడ ఫెయిలైన. ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యకుండ్రి." దేవిక కళ్లు చెమర్చాయి. ప్రాక్సీ తీసేసింది, అంతా చెరిపేసింది. చదివింది మాత్రం మనసులో ఉండిపోయింది.

మూడు రోజులకు విజయలక్ష్మి, తన కోడలు భాగ్యశ్రీని వెంటబెట్టుకుని ప్రింటు కోసం వచ్చింది. దేవికకు సాయం చేద్దామన్న ఆత్రం ఆగలేదు.

"అక్కా, లెక్కలకు భయపడకు. సాయంత్రం జర ఇటు రా, నేను చెప్త."

"ఏం లెక్కలత్తమ్మా?" అంది భాగ్యశ్రీ.

విజయలక్ష్మి మొహం పాలిపోయింది. "జాకెట్ కొలతలు లే" అని కోడల్ని ముందు పంపి, గడప దగ్గర ఆగింది.

"నీకెట్ల తెలిసె?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దేవిక దాన్ని మింగేసింది. "నువ్వు పంపింది సదివిన అక్కా."

"తాళం ఉండె గదా?"

"ఆ తాళం నేనేసిందే."

విజయలక్ష్మి తిట్టలేదు. తిట్టినా దేవిక ప్రాణం తేలికపడేది. "మా ఆయనకు గూడ చెప్పలే చెల్లె" అని మాత్రం అని వెళ్లిపోయింది. దేవిక సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తర్వాత ఎవరొచ్చినా తాళం మాట ఎత్తడం మానేసింది. ఎదురు కొట్టులో మిషన్ చప్పుడు వినబడితే తల వంచుకునేది.

నెల తర్వాత హాల్ టికెట్ తీసుకోవడానికి విజయలక్ష్మి ఒంటరిగా వచ్చింది. దేవిక కుర్చీ వదిలి దూరంగా నిలబడింది.

"ఆ తాళం మీద నొక్కక్కా. సర్టిఫికెట్ ఎవరిచ్చిన్రో పేరుంటది. నా ప్రాక్సీ పేరుంటే లేచి పో" అని, ఆ పేరు కాగితం మీద రాసి పక్కన పెట్టింది.

విజయలక్ష్మి తెర మీద వేలు పెట్టి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుని చదివింది. కాగితంతో పోల్చి చూసుకుని, మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పుడు తలెత్తింది.

"ఇగ నువ్వు బయటికి పో."

దేవిక తన సెంటర్‌లోంచి తానే బయటికొచ్చి, ఆమె పిలిచేదాకా రోడ్డు పక్కన ఎండలో నిలబడింది.