రేణుక వేలికి తగిలిన పేరు

దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. పొద్దున్నే దీపం పెట్టుకుంటాను, దేవుడు ఇచ్చినదానికి దండం పెట్టుకుంటాను, అంతవరకే. అందుకే కోదాడ దగ్గరి ఒక కాలేజీలో పట్టపగలు, అందరి ముందర జరిగిన ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లూ వెనకాడాను.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. మా ఊరి బడికి మెట్లు. అందుకని నా చదువంతా ఇంట్లోనే. చెప్పింది మా అక్క సైదమ్మ. పళ్లెంలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకొని అక్షరాలు దిద్దించేది. అమ్మ లేని ఇంట్లో అమ్మ కూడా తానే కాబట్టి 'అమ్మక్క' అని పిలిచేదాన్ని. ఆ పిలుపు నా ఒక్కదానిదే. బయటివాళ్ల దగ్గర 'మా సైదమ్మ' అనేదాన్ని.

అక్క ఆ కాలేజీ హాస్టల్లో వంట చేసేది. పిల్లలు నాగార్జున సాగర్ టూర్ పోతే వండిపెట్టడానికి వెంట పోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు బోల్తాపడి, కొందరు పిల్లలతో పాటు అక్కా పోయింది. కాలేజీలో ఎత్తైన మెట్ల మీద స్తూపం కట్టి, పిల్లల పేర్లు మాత్రమే చెక్కారు. మెట్లెక్కలేక ఏటా నేను కిందనే పూలు పెట్టి వచ్చేదాన్ని.

నిరుడు ఆ స్తూపాన్ని అందరికీ అందేలా మార్చి కడతామని సునీత మేడం మా ఇంటికి వచ్చింది. ఆమె అక్కడ లెక్చరర్, స్తూపం కమిటీకి పెద్ద. ర్యాంపు ఎంత వాలుగా ఉండాలి, చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి పేర్లు అందాలంటే ఎంత ఎత్తులో ఉండాలి, అన్నీ నన్నే అడిగింది. చూపులేని పిల్లల కోసం బ్రెయిలీ చుక్కలు కూడా పెట్టించమన్నాను.

వెళ్లేటప్పుడు అక్క ఫొటో ముందు నిలబడి, "చెల్లె, ఈసారి సైదమ్మ పేరు లేకుండ ఆ రాయి లేవది. నాది జిమ్మ" అని మాటిచ్చింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది, నా చేతి చాయ తాగింది. ఇంత మంచి మనిషిని పంపినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను.

ప్రారంభం రోజు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎవరూ ఎత్తకుండా, నా కుర్చీ నేనే తోసుకుంటూ ర్యాంపు ఎక్కాను. ఆ సంతోషంలోనే పేర్లు చదివాను. అక్క పేరు లేదు. చివరి పేరు కింద జానెడు నున్నటి రాయి.

మేడం వైపు చూశాను. ఆమె వంగి మెల్లగా, "పిల్లల స్తూపం కద చెల్లె. పనోళ్ల పేర్లెందుకు అని కమిటీల అన్నరు. నేను గూడ సరేనన్న" అన్నది.

"ఎప్పుడు మేడం?"

"మొదటి మీటింగుల్నే."

అంటే మా ఇంట్లో చాయ తాగిన అన్నిసార్లూ ఆమెకు తెలుసు.

"నా సలహా కావాలె గని, మా అక్క పేరు వద్దన్నట్టు" అన్నాను.

అంతలో రేణుకను పిలిచారు. తిరుమలగిరి పిల్ల, అక్కడే డిగ్రీ చదువుతోంది, పుట్టుకతోనే చూపులేదు. చుక్కల మీద వేలు పెట్టి మైకులో ఒక్కొక్క పేరే చదివింది. చివరి పేరు కాగానే చప్పట్లు మొదలయ్యాయి. ఆమె వేలు మాత్రం ఆగలేదు. కింది నున్నటి రాయి మీద మెల్లగా జరిగింది.

"అమ్మక్క" అని చదివింది.

చప్పట్లు ఆగిపోయాయి. మేడం మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఆడ ఏం లేదు బిడ్డా" అన్నది.

"ఉన్నది మేడం. కొత్తగ చెక్కినట్టున్నది, చుక్కలు జర గరుకుగున్నయ్" అంటూ రేణుక మళ్లీ వేలు పెట్టింది. అటూ ఇటూ వెతికింది. "ఇప్పుడు లేదు" అని గాబరాగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను తడిమాను. నునుపు. మేడం కూడా తడిమింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, "ఎవరీ అమ్మక్క?" అని అడిగింది. ఆమెకు చెప్పాలని నాకు అనిపించలేదు.

ఆ రోజుకు ముందు రేణుకను నేను చూడనైనా లేదు. అక్క పోయాక ఆ పిలుపు నా నోట కూడా రాలేదు. అడిగితే "వేలికి తగిలింది చదివిన అక్కా" అంటుంది, అంతే. దేవుడి దయ అనుకుందామంటే, ఆ దయ రాయి మీద ఎందుకు నిలవలేదో నాకు అర్థం కాదు. మేడం మళ్లీ మా గడప తొక్కలేదు.

ప్రారంభం నాటి సాయంత్రం ఇంటికొచ్చి పళ్లెంలో బియ్యం పరిచి, కళ్లు మూసుకొని వేలు పెట్టాను. చాలాసేపు తడిమాను. బియ్యమే తగిలాయి.