కాలనీకి పాస్‌వర్డ్

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఇళ్ళకంటే ప్లాట్ల హద్దురాళ్ళే ఎక్కువ. పెళ్ళికానివాడికి గది దొరకడం కంటే డాక్టరేటు దొరకడమే తేలిక అనుకునేవాణ్ణి. (రెండూ తేలిక కాదని తర్వాత తెలిసింది.) గుంటూరు నుంచి వచ్చి, కంప్యూటర్‌లోని సమాచారం పరాయివాళ్ళ చేతిలో పడకుండా కాపాడటం ఎలాగన్న పరిశోధనలో చేరిన నన్ను, మన్సూరాబాద్‌లో ఒక ఇంటాయన "ఏం పని జేస్తవ్ సారూ?" అని అడిగాడు. పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి మేడ కట్టుకుంటున్న మనిషి. "కంప్యూటర్ సెక్యూరిటీ అండి" అన్నాను. మొదటి మాట ఆయన చెవిన పడలేదు. "మంచిదాయె. ఈడ సిమెంటు బస్తాలు మస్తు పోతున్నయ్. రేపే సామాన్ తెచ్చుకో" అని తాళంచెవి ఇచ్చేశాడు.

ఆదివారం కాలనీ సంఘంవాళ్ళు పిలిస్తే, నా పరిశోధనకు గుర్తింపు వచ్చిందని మురిసిపోయి గంటసేపు ఉపన్యసించాను. అందరూ శ్రద్ధగా విన్నాక, అధ్యక్షుడు నా చేతిలో ఒక విజిల్ పెట్టాడు. కాదంటే గది పోతుంది. అవుననడానికి చదువు అడ్డొచ్చింది. అందుకని ఒక శాస్త్రీయ పద్ధతి ప్రతిపాదించాను: పొద్దుగూకే వేళ నుంచి కాలనీలోకి వచ్చే ప్రతివారూ ఒక రహస్యపదం చెప్పాలి. 'దానిమ్మ' అని నేనే నిర్ణయించాను. ఆ సాయంత్రం మొదటి పహరా కూడా నాదే.

ముందు వచ్చింది మా ఇంటాయనే. "మాట చెప్పండి" అన్నాను. "ఏంది మాట? జామకాయనా?" అన్నాడు. ఆపేశాను. ఇంతలో ఖాళీ రిక్షాబండితో ఒకతను వచ్చి, "దానిమ్మ" అని స్పష్టంగా చెప్పాడు. నా సిద్ధాంతం గెలిచినంత సంబరపడి దారిచ్చాను. కాసేపటికి అతను లోపల్నుంచి సిమెంటు బస్తాలతో తిరిగొస్తుంటే చక్రం బురదలో దిగబడింది. నేనే వెనకనుంచి నెట్టాను.

"అవి నా బస్తాల లెక్కనే ఉన్నయ్ కదా" అన్నాడు ఇంటాయన, ఇంకా బయటే నిలబడి.

"ఆయన మాట సరిగ్గా చెప్పారండి."

ఇంటాయన నన్ను తోసుకుని పరుగెత్తాడు. రిక్షా వదిలేసి దొంగ పారిపోయాడు. (విజిల్ నా జేబులోనే ఉంది.) తర్వాత తెలిసింది, జనం మరిచిపోతారేమోనని కిరాణా కొట్టాయన ఆ మాటను కొట్టు ముందు పలకమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాడట. మా ఇంటాయన కళ్ళజోడు ఇంట్లో మరిచాడు.

పొద్దున్నే గది ఖాళీ చెయ్యమంటాడనుకుంటే, ఆయన చాయ్ పంపి, "కాపలా నీతోని గాదు. గా కంప్యూటర్లే జూస్కో" అన్నాడు. మా గైడుగారు మాత్రం అంతా విని, నవ్వకుండా, "రాసెయ్యవయ్యా" అన్నారు. నా థీసిస్‌లో పరీక్షకులు మెచ్చుకున్న అధ్యాయం అదొక్కటే.

ఇప్పుడు పెద్ద సభల్లో భద్రత గురించి గంభీరంగా మాట్లాడుతున్నప్పుడు, బురదలో కాళ్ళు దిగబడుతున్నా దొంగబండిని నెడుతూ, "మెల్లగా అండి, బస్తా జారుతుంది" అని జాగ్రత్తలు చెప్పిన కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, ఎంత శ్రద్ధగా నెట్టాడో.