పిల్లుల కోసం నోరు విప్పిన రోజు

మొన్న అమలాపురంలో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, ఇకమీదట ఫ్లాటుకి ఒక్క పెంపుడు జంతువే ఉండాలట. నా దగ్గర ఉన్నవి మూడు పిల్లులు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను, ఒళ్ళు మండిపోయింది. ఎన్ని పిల్లులుండాలో నాకు చెప్పేవాళ్ళు మళ్ళీ తయారయ్యారన్నమాట! ఈ పేచీ నాకు కొత్తేమీ కాదు, తొంభైల్లోనే ఒకసారి తేల్చుకున్నాను.

అప్పటికి నేను అంబాజీపేట దగ్గర అత్తవారింటికి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పెళ్ళయిన కొద్ది రోజులకే మావారు ఉద్యోగానికి మస్కట్ వెళ్ళిపోయారు. కొబ్బరితోట నడుమ పెద్ద పెంకుటిల్లు, అందులో అత్తగారు, మామగారు, నేను. కోడలు మామగారితో నేరుగా మాట్లాడకూడదు. ఏం కావాలన్నా తలుపు చాటున నిలబడి అత్తగారి చెవిన వెయ్యాలి, ఆవిడ దాన్ని తనకు నచ్చినట్టు మార్చి ఆయనకు చేరవేసేవారు. మన ఈడువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఇక నేను మనసు విప్పుకునేది ఎవరితో? అటక మీది పిల్లితో.

కొబ్బరికాయల్ని అటకెక్కించి నెలల తరబడి వదిలేస్తే లోపల నీళ్ళు ఇంకిపోయి, ఊపితే గలగలలాడే కురిడీలవుతాయి. వాటికి ఎలకల భయం గనక ఇంటికో పిల్లి తప్పనిసరి, కానీ ఒక్కటే. “మొదటిది ఎలకల కోసం, రెండోది మన పాల కోసం” అనేవారు మా అత్తగారు, అదేదో వేదవాక్కయినట్టు. ఆ ఏడు మా పిల్లి అటక మీద కొబ్బరి డొక్కల చాటున నాలుగు కూనల్ని పెట్టింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఎవరింటికో మోసుకుపోతుందిలే అని అత్తగారు ఓపిక పట్టారు. అది మా అటక దిగితే ఒట్టు! నేను రోజూ నిచ్చెనెక్కి, మావారు ఫోన్లో చెప్పిన కబుర్లన్నీ వాటికి చెప్పేదాన్ని, నవ్వకండి. ఆ ఇంట్లో నావి అనిపించినవి అవి మాత్రమే.

కురిడీలు అమ్మే రోజు వచ్చింది, ఉత్తరాదికి వెళ్ళే లారీ వచ్చి వాకిట్లో ఆగింది. మామగారు కూనల్ని గోనెసంచిలో వేయించి, మూతి కట్టించి డ్రైవరుకి ఇప్పించారు.

“గోదారి దాటేక ఎక్కడైనా వదిలెయ్యవయ్యా. పిల్లిని చంపితే బంగారుపిల్లిని దానమివ్వాలి గానీ, వదిలేస్తే పాపం లేదు.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు డ్రైవరు.

తల్లిపిల్లి లారీ చక్రాల చుట్టూ అరుస్తూ తిరుగుతోంది. తలుపు వెనక నాకు ప్రాణం కొట్టుకుపోయింది. మామయ్యగారితో చెప్పండని అత్తగారి చెయ్యి పట్టుకుని బతిమాలితే, “పిల్లులక్కూడా రాయబారమా, ఊరుకో” అని విదిలించేశారు.

అంతే, కొంగు బిగించి గడప దాటాను. మామగారి ఎదుట, డ్రైవరు ఎదుట, కాయలు మోసే కూలీలందరి ఎదుట నిలబడి, “అవెళ్తే నేనూ వెళ్తానండి మామయ్యగారూ, నన్నూ ఆ లారీ ఎక్కించెయ్యండి” అన్నాను. ఆయనతో నేను నేరుగా అన్న మొట్టమొదటి మాట అదే.

ఆయన నన్ను చూశారు, సంచిని చూశారు.

“దింపెయ్యవయ్యా బాబూ. కోడల్ని లారీ ఎక్కించేడని అంబాజీపేటంతా చెప్పుకుంటారు.” తర్వాత నావైపు తిరిగి, “ఎన్నుంచుతావమ్మా?” అని అడిగారు.

“అన్నీనండి” అన్నాను.

అత్తగారు చాన్నాళ్ళు ముభావంగానే ఉన్నారు. మామగారు మాత్రం అప్పట్నుంచి ఏం కావాలన్నా “అమ్మాయ్” అని నన్నే పిలిచేవారు, తలుపు చాటు నాకు ఆ రోజుతో తప్పింది.

ఇప్పుడు అటకలున్న ఇళ్ళూ తగ్గిపోయాయి, కాయ చెట్టు మీద ఉండగానే బేరమైపోతోంది. మొన్న ఆ మెసేజ్ చూసి ఊరుకుంటానా, వెళ్ళి సెక్రటరీ తలుపు కొట్టాను. “నాదేం లేదండీ, కమిటీలో అనుకున్నారండీ” అన్నాడు. కమిటీలో ఉన్న ఒకావిణ్ణి అడిగితే, “గ్రూపులో ఎవరో పెట్టేరండి పిన్నిగారూ, మాకూ తెలీదు” అంది. ఎవరిదీ కాని మాటకి నేను తలొంచుతానా, మూడూ నా దగ్గరే ఉంటాయని చెప్పేసి వచ్చాను. కానీ ఇంటికొచ్చి కూర్చున్నాక మామగారి మీద బెంగ పుట్టింది. ఎంత కోపిష్ఠి అయినా ఆయన తన మాట తనదేనని వాకిట్లో నిలబడి చెప్పారు, నా మాట విని దాన్ని వెనక్కీ తీసుకున్నారు. ఇప్పుడు ఎదిరిద్దామన్నా ఎదురుగా మనిషే లేడు.