తీగ తెగితే ఆగే మోటారు

ఏబేలు మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో కరెంటు పని చేస్తాడు. నవ్వడు, తిట్టడు. ఎవరైనా తిడితే ఫ్యాను గాలికి నిలబడ్డట్టు నిలబడతాడు. ఒకసారి షాకు కొట్టి ఎడమచేతి రెండు వేళ్లకు స్పర్శ పోయింది. "వేళ్లకేనా, మనిషికే పోయింది" అంటుంది అతని భార్య లీదియా. ఆమెదీ అదే ఫ్యాక్టరీ. బెల్టు మీద పలకరాళ్లు సర్ది రోలర్ల కిందికి పంపుతుంది. నేను ప్యాకింగులో ఉంటాను, కాబట్టి ఇదంతా నా ఎదుటే జరిగింది.

ఈ వేసవిలో ఓనరు మధుసూదన్ పాత లైనుకు కంట్రోలర్ పెట్టించాడు. బెల్టుకు, రోలర్లకు, కోత బ్లేడుకు మూడు మోటార్లు. ఒక్కో మోటారు వేగం చూసుకోడానికి ఒక్కో డ్రైవు పెట్టె. కంట్రోలర్ నుంచి ఆ మూడింటికీ వరసగా ఒకే జత సన్నతీగలు. కంట్రోలర్ ఒక్కో డ్రైవునూ దాని నంబరుతో పిలిచి, ఇంత వేగంతో తిరుగు, ఇక ఆగు అని చెబుతుంది. బెల్టు పక్కన లైను ఆపే ఎర్ర బటను నొక్కినా ఆ మాట పోయేది ఆ తీగల మీదే. అందుకని ఏబేలు ప్రతి డ్రైవులోనూ ఒక సెట్టింగు పెట్టాడు. కంట్రోలర్ మాట వినబడకపోతే మోటారు తనంతట తానే ఆగిపోవాలి.

తప్పు ఒక్కటే చేశాడు. వేరే పైపుకు ఓనరు ఒప్పుకోకపోతే, ఆ సన్నతీగల్ని మోటారు కేబుళ్ల పైపులోనే తోసేశాడు. కేబుళ్లలో పారే కరెంటు రొదకు సన్నతీగల్లో కంట్రోలర్ మాట చెదిరేది. లైను ఆగేది. రోలర్ల మధ్య రాయి పగిలేది.

"ఏంరా ఏబేలూ, ఇది ఫ్యాక్టరీనా, పల్లెవెలుగు బస్సా? అడుగడుక్కీ ఆపుతాండావు!"

"తీగ వేరేగా లాగాల సార్."

"లోడు పోయినాక లాగుదువులే. ముందు ఆ సెట్టింగు పీకెయ్."

"పీకితే మాట తెగినా మోటారు తిరగతానే ఉంటది. ఎర్ర బటను నొక్కినా ఆగదు."

"మెయిన్ ఉంది గదా."

మెయిన్ స్విచ్చు బయట గదిలో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఏబేలు సెట్టింగు తీసేశాడు. తర్వాత, లీదియాకు దుమ్ము పడటం లేదని చెప్పి ఆమెను ప్యాకింగుకు మార్పించాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర లీదియా అడిగింది. "నాకు దుమ్ము పడట్లేదని ఎవరు చెప్పినారయ్యా?"

"నేనే."

"ఏంది సంగతి?"

కరెంటు బిల్లు చదివినట్టు అంతా చెప్పాడు.

"ఇప్పుడు ఆడ ఎవరున్నారు?"

"మార్తమ్మ చిన్నమ్మ."

"ఆమెవి చేతులు కావా?"

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. లీదియా గిన్నె మూతపెట్టి తిన్నగా బెల్టు దగ్గరికి పోయింది. "అత్తా, లెయ్యి. నా జాగా నాకియ్యి."

"ఏమే, మొగుడు నీడన కూర్చోబెడితే నీకు కాలు నిలవడంల్యా?" అని నవ్వుతూ లేచింది మార్తమ్మ.

ఏబేలు చెయ్యి కడుక్కున్నాడు. మూడు పెట్టెల్లోనూ సెట్టింగు మళ్లీ పెట్టాడు. కాసేపటికే లైను ఆగింది, రాయి పగిలింది, ఓనరు అరుచుకుంటూ వచ్చాడు.

"తీసేసినా అన్నావు గదరా!"

"మళ్లా పెట్టినా సార్."

"ఎవర్నడిగి? పో, పనిలోంచి పో!"

"ఈ తీగ వేరేగా లాగి పోతా."

బయటి గదికి నడిచి మెయిన్ కట్టేసి వచ్చాడు. గోడకు నిచ్చెన వేశాడు. పైపులోంచి సన్నతీగ ఊడదీయడం మొదలుపెట్టాడు. కింద లీదియా ఆగిన రోలర్ల మధ్య చెయ్యి పెట్టి పగిలిన ముక్కలు ఏరుతోంది.