ఆరు గంటల భోంగ

మొన్న మంగళవారం సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు మా దేవుని అర్రలో ఫోను శంఖం ఊదింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా కొడుకు కట్టుకున్న ఇల్లు ఇది. ఇక్కడ శంఖమూ లేదు, ఊదేవాళ్ళూ లేరు. నా మనవరాలు పాత ఫోనొకటి రోజూ ఆ వేళకు మోగేటట్టు చేసి పటాల పక్కన నిలబెట్టింది. "నానమ్మా, టైమైంది, దీపం పెట్టు" అని మళ్ళీ నోటితో కూడా చెప్పింది, ఫోను మీద తనకే నమ్మకం లేనట్టు. నేను అగ్గిపెట్టె పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. "ఇంకేం కావాలె నీకు?" అంది. పిల్ల అడిగింది న్యాయమే. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఎదురుచూడటం మా అత్త అలవాటు. ఆమె నుంచి నాకు దక్కినవి రెండే, ఒకటి వెండి కడియం, రెండోది ఇది. కడియం అమ్ముకున్నాం.

పెళ్ళయి నేను కాపురానికి వచ్చింది బోధన్‌కు. చక్కెర ఫ్యాక్టరీకి కొంత దూరంలో ఒక గల్లీ చివర మాది రెండర్రల పెంకుటిల్లు. చెరకు ఆడే కాలంలో రసం కాగే వాసన ఊరంతా కమ్ముకునేది. కొత్తలో అది తియ్యగా ఉంటుంది, వారం తిరిగేసరికి కడుపులో తిప్పుతుంది, ఆ తర్వాత అది ఉన్న సంగతే మరిచిపోతాం. పొగగొట్టం నుంచి నల్లటి బూడిద తునకలు ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద, ముగ్గు మీద, ఒక్కోసారి పప్పులో కూడా పడేవి. పప్పులో పడితే తీసేసి తినేవాళ్ళం. మా మామ ఆ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం ఆరింటికి సైరన్ మోగితే డ్యూటీ దిగేవాడు. ఆ సైరన్‌ను మేము భోంగ అనేవాళ్ళం. చెరకు ఆడినా ఆడకపోయినా ఏడాది పొడుగునా అది కూసేది. మా ఇంట్లో దీపం ఆ కూతకే వెలిగేది.

మాది పెద్ద పూజలు చేసే ఇల్లు కాదు. పొద్దున వాకిట పేడనీళ్ళ చాన్పి చల్లి ముగ్గు వేయడం, సోమవారం తలస్నానం చేసి రాజన్న పటానికి బొట్టు పెట్టడం, శనివారం ఒంటిపూట భోజనం, అంతే. అత్తకు మంత్రాలు రావు. నాకు అక్షరాలు కూడా ముప్పై అయిదేళ్ళు దాటాకే, రాత్రి బడిలో వచ్చాయి. పగలంతా అత్తా నేనూ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. పొద్దు వాలుతుంటే అత్త చాట పక్కకు నెట్టేది. సగం చుట్టిన బీడీ సగంతోనే ఆగిపోవాలి. పొగాకు వాసన పోయేదాకా చేతులు రుద్ది కడుక్కోవాలి. వాకిలికి ఎదురుగా గోడలో చిన్న గూడు. అందులో దీపం, దాని ముందు చారెడు ఫ్యాక్టరీ చక్కెర. అత్త వత్తి సర్ది, నూనె పోసి, అగ్గిపుల్ల బయటికి తీసి కూర్చునేది. భోంగ మొదలవగానే గీసేది. దీపం వెలిగితే తప్ప పొయ్యి మీది కుండ దిగేది కాదు, పిల్లలు ఎంత ఏడ్చినా సరే. ఎండాకాలం ఆరింటికి ఇంకా ఎండ కొడుతుండగానే మా ఇంట్లో దీపం వెలిగేది. గల్లీలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "సూర్యునికి డ్యూటీ లేదు, మా ఇంటాయనకున్నది" అనేది అత్త. అది హాస్యమని అందరం అనుకున్నాం.

మామ మాత్రం దేవునికి దండం పెట్టగా నేను చూడలేదు. వచ్చి, వాకిట బండ మీద కాళ్ళు కడుక్కుని, గూటి ముందు చెయ్యి చాపి చక్కెర తీసుకుని నోట్లో వేసుకునేవాడు. "మొక్కుడు మీ నానమ్మ పని, మోసుడు నా పని" అనేవాడు. ఈ మాట నాతో సూటిగా అన్నది కాదు, మా పిల్లలతో అన్నది. మామతో కోడలు ఎదురుపడి మాట్లాడకూడదని మా ఇంటి కట్టడి. చెప్పాల్సింది ఉంటే ఒళ్ళో పిల్లకు చెప్పాలి, ఆయన వినాలి. పిల్లలు పెద్దయి బడికి పోయాక గోడకు చెప్పేదాన్ని, కోడిపెట్టకు చెప్పేదాన్ని. ఆయన కూడా కోడిపెట్టకే బదులు చెప్పేవాడు. ఇరవై ఏళ్ళు అట్లాగే గడిచాయి. మా ఇంటి కోళ్ళకు తెలియని సంగతి లేదు.

తర్వాత ఫ్యాక్టరీ ఆగింది. ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు అన్నది చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు తెలిసింది మా ఇల్లు. ఆ రోజు మామ మధ్యాహ్నమే వచ్చి వాకిట మంచం వాల్చుకున్నాడు. అత్త మామూలుగా చేతులు కడుక్కుని, అగ్గిపుల్ల తీసి కూర్చుంది. చీకటి పడింది. పిల్లలు కుండ వైపు, అత్త వైపు మార్చి మార్చి చూస్తున్నారు.

"ఇగ కూయదే, బందయింది" అన్నాడు మామ, బయటి నుంచే.

అత్త పుల్లను మళ్ళీ పెట్టెలో పెట్టింది. పిల్లలకు, మాకు వడ్డించమని నాకు చెప్పి తాను చెంబెడు నీళ్ళు తాగి పడుకుంది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. పొద్దున ఇంత జొన్న గటక తాగేది, సాయంత్రం దీపం లేదు కాబట్టి ఆమెకు బువ్వ లేదు. ఎప్పటి నుంచో ఉన్న నియమం, మాకోసం సడలించింది, తనకు సడలించుకోలేదు. మనిషి కండ్ల ముందే సన్నబడింది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు.

నాకు అప్పటికి గడియారం చూడటం వచ్చు. ఒక సాయంత్రం "అత్తమ్మా, ఆరైంది, దీపం పెట్టు" అన్నాను.

"ఎవలు చెప్పిండ్రు?"

"గడియారం."

"గోడకు ఏలాడుకుంట అది చెప్తే నేను నమ్మాల్నా?"

ఎదురింటి ఖాలా కూడా చెప్పి చూసింది. మామ తిన్నాక మా పిల్లలు పంచుకునే చక్కెరలో ఆమెకూ రోజూ చిటికెడు వాటా ఉండేది. "వదినా, మా అజాన్ ఉన్నది గద. దానికే వెలిగించు. అల్లా ఏమనుకోడు" అంది.

"మీ దేవుడు అనుకోడు, మా దేవుడు అనుకోడు. నాకే మనసొస్తలేదు" అంది అత్త.

నాకు కోపం వచ్చింది. మర్నాడు బీడీలు చుట్టేటప్పుడు మొహం మీదే అడిగాను, ఫ్యాక్టరీ కూతకూ దేవుని దీపానికీ ఏం సంబంధమని. అత్త ఆకు కత్తిరించడం ఆపకుండానే చెప్పింది.

"భోంగ కూసిందంటే ఆయన గేటు దాటిండన్నట్టు. గల్లీ మూల మలిగేటాల్లకు గూట్ల దీపం కనవడాలె. నేను కొత్తగ వచ్చినప్పుడు మా అత్త చెప్పింది, పనికి పోయినోని కండ్లకు ముందుగాల ఇంటి దీపం కనవడాలె, ఎనక ఇంటి మనుషులు కనవడాలె అని. గిప్పుడు పొద్దంత మంచంల ఉన్నోనికి ఏం దీపం చూపెట్టాలె, బిడ్డా?"

నేను అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి ఆ గూడు వాకిలికి ఎదురుగా ఎందుకుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ తర్వాతి రోజు మంగళవారం. మా ఆయన పని చేసే బట్టల దుకాణానికి సెలవు, ఆయన లోపల నిద్రపోతున్నాడు. పిల్లలు బడికి పోయారు. కోడిపెట్ట కూడా ఎటో పోయింది. మామ మంచంలో కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. నేను నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డాను.

"ఓ కుండా, నీకే చెప్తున్న. పొద్దంత ఇంట్ల పండేటోళ్ళు ఇంత తిని ఎటన్న పోతే మంచిగుండు. పోతేనే గద తిరిగొచ్చేది. ఒచ్చేటోళ్ళు లేక మా అత్త దీపం పెడ్తలేదు, బువ్వ తింటలేదు."

మామ కళ్ళు తెరవకుండానే, "ఎటు పోవాల్నో గూడ కుండనే చెప్పుమను" అన్నాడు.

అప్పుడు నేను కట్టడి తప్పాను. తిరిగి ఆయన మొహం చూసి చెప్పాను. "ఎటో ఎందుకు మామా? రోజు పోయిన తొవ్వనే పో."

ఆయన లేచి కూర్చున్నాడు. మేకుకు తగిలించిన ఖాకీ అంగీ తొడుక్కున్నాడు. ఖాళీ టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని బయలుదేరాడు. గల్లీలో ఎవరో "ఏమన్నా, ఫ్యాక్టరీ తెరిసిండ్రా?" అని అడిగారు, ఎగతాళి ఆపుకోలేక. "నాకొక్కనికి తెరిసిండ్రు" అని నడుచుకుంటూ పోయాడు.

అత్త సాయంత్రం మేకు వైపు చూసింది. అంగీ లేదు. ఎండిపోయిన ప్రమిదను తుడిచి నూనె పోసింది. దుకాణం నుంచి తెప్పించిన చక్కెర చారెడు ముందు పెట్టింది. పుల్ల బయటికి తీసి కూర్చుంది. గోడ మీద ఆరు దాటింది. నేను నోరు తెరవలేదు. కుండతో మాట్లాడినంత సులువు కాదు ఊరుకోవడం.

అప్పుడు గల్లీ మూల మీద దగ్గు వినిపించింది. మామ దగ్గు మాకు తెలియనిది కాదు, కానీ ఇది వేరు. పొడుగ్గా, కావాలని, ఊపిరంతా కూడదీసుకుని దగ్గిన దగ్గు. అత్త పుల్ల గీసింది. మొదటిది విరిగింది. రెండోది అంటుకుంది. దీపం నిలబడేసరికి మామ గల్లీ మలుపు తిరిగి దాన్ని చూస్తూ వస్తున్నాడు. బండ మీద కాళ్ళు కడుక్కుని, వచ్చి చెయ్యి చాపాడు.

"దుకాన్‌దా? తియ్యగ లేదు" అన్నాడు, అరచెయ్యి నాకుతూనే.

"రేపు పోతవా?" అంది అత్త.

"డ్యూటీ గద" అన్నాడు.

అత్త ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది. ఆ తర్వాత కాళ్ళు ఆడినన్నాళ్ళు మామ మూసిన గేటు దాకా పోయి వచ్చాడు. పిల్లలు ఆయన దగ్గునే భోంగ అనడం మొదలుపెట్టారు. మామతో నేను సూటిగా మాట్లాడటం మాత్రం ఆ ఒక్కసారితో సరి. మర్నాటి నుంచి మళ్ళీ కోడిపెట్టే.

మొన్న మంగళవారం కూడా నేను ఆగాను. మా కోడలు ఇక్కడే ఒక దవాఖానాలో పని చేసి స్కూటీ మీద ఇంటికి వస్తుంది. మలుపు దగ్గర హారన్ కొట్టడం ఆమె అలవాటు, నేను చెప్పింది కాదు. హారన్ వినపడ్డాక వెలిగించాను. "ఫోను మోగి ఎంతసేపైందో తెలుసా?" అని మనవరాలు కసురుకుంది.

ఆ రోజు బోధన్‌లో, ఆ దగ్గు వినడానికి, మా ఇంట్లో ఉన్నది వీళ్ళు. పుల్ల పట్టుకున్న అత్త. నిద్ర లేచి ఏం జరుగుతుందో తెలియక నిలబడ్డ మా ఆయన. కుండ మీద కన్నేసిన నా కొడుకు, బిడ్డ. చక్కెర చిటికెడు కోసం వచ్చి గడప దగ్గరే ఆగిన ఖాలా. నేను. వస్తున్నది మామ. మామ నడక ఆగాక, ఆరు గంటల వేళ అట్లా గల్లీ మూల మీద దగ్గి, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రావడం నేను మళ్ళీ చూడలేదు.